హైబ్రిడ్‌ని ఐరన్ అనుకుని నిలబడండి

గోల్ఫ్‌లో హైబ్రిడ్ అనే క్లబ్ (బంతిని కొట్టే కర్ర) కొత్తగా బ్యాగ్‌లో పెట్టుకున్నవాళ్ల నోట ఎక్కువగా వినపడే మాట, "అందరూ ఇది తేలిక అన్నారు, నాకేమో బంతి నేల మీదే పాకుతోంది" అని. ఇంకొందరిది వేరే బాధ, బంతి బాగానే లేస్తుంది కానీ ప్రతిసారీ ఎడమకే తిరిగిపోతుంది. రెండిటికీ స్వింగ్‌నే తప్పుపట్టి, వీడియోలు చూసి, భుజాలు మార్చి, మణికట్లు మార్చి, చివరికి ఉన్న స్వింగ్ కూడా పోగొట్టుకుంటారు. నేను చూసినంతలో అసలు తేడా చాలాసార్లు అంతకు ముందే వచ్చేసి ఉంటుంది, బంతి ముందు నిలబడిన తీరులో. హైబ్రిడ్ తల చూడ్డానికి చిన్న వుడ్‌లా (దూరం కొట్టే, లావు తల క్లబ్) ఉంటుంది కాబట్టి తెలియకుండానే వుడ్‌కి నిలబడినట్టు నిలబడతాం, వుడ్‌తో ఊడ్చినట్టు ఊడుస్తాం. కానీ దాన్ని కొట్టాల్సింది ఐరన్‌ని (పలక లాంటి లోహపు తల ఉన్న క్లబ్) కొట్టినట్టు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

నాకూ మొదటి సంవత్సరమంతా ఇదే గొడవ. పది బంతులు కొడితే మూడు బాగా వెళ్లేవి, నాలుగు మోకాలి ఎత్తులో దూసుకుపోయేవి, మిగతావాటికి క్లబ్ ముందు నేలకి తగిలి బంతి అరవై యార్డుల దగ్గరే ఆగిపోయేది. ఒక రోజు తోటి ఆటగాడు ఒకాయన నాకు ఎదురుగా నిలబడి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీశారు. చూస్తే బంతి నా ఎడమ కాలి బొటనవేలికి ఎదురుగా ఉంది. క్లబ్ తల బంతికి నాలుగు వేళ్ల వెనకే గడ్డిని తాకి, బంతి దగ్గరికి వచ్చేసరికి అప్పటికే పైకి లేస్తోంది. ఆయన బంతిని పాదంతో మెల్లగా రెండు అంగుళాలు కుడికి జరిపి "ఇంకేమీ మార్చకండి, కొట్టండి" అన్నారు. మొదటి దెబ్బకే చప్పుడు మారిపోయింది. అంతవరకు వినపడిన ఆ పల్చటి టిక్‌మనే చప్పుడు పోయి నిండుగా ఠప్పుమంది, బంతి ఎత్తుగా లేచి నేను గురిపెట్టిన జెండా వైపే వెళ్లింది. స్వింగ్ అదే, మారింది రెండు అంగుళాలు.

(ఇక్కడ కుడి, ఎడమ అని రాసిందంతా కుడిచేతి వాటం వాళ్ల లెక్కలో. ఎడమచేతి వాటం వాళ్లు తిరగేసుకోండి.)

ఈ క్లబ్‌లో ఏముంది

3 ఐరన్, 4 ఐరన్ లాంటి పొడుగు ఐరన్లు కొట్టడం ఎందుకు కష్టం అంటే, వాటి తల పల్చటి పలక. బరువంతా ఫేస్‌కి, అంటే బంతిని తాకే ముఖానికి, ఆనుకునే ఉంటుంది, లాఫ్ట్ (ఆ ముఖం వెనక్కి వాలిన కోణం) తక్కువ. బంతి ఎత్తుకి లేవాలంటే స్వింగ్ వేగం బాగా ఉండాలి, తగలాల్సిన చోటే తగలాలి. హైబ్రిడ్‌లో ఫేస్ వెనకాల కొంత ఒళ్లు ఉంటుంది, సోల్ (తల అడుగు భాగం) వెడల్పుగా ఉంటుంది, దాంతో బరువు కేంద్రం కిందకీ వెనక్కీ జరుగుతుంది. ఫలితం ఏంటంటే అదే లాఫ్ట్ ఉన్న ఐరన్ కంటే బంతి ఎత్తుగా లేస్తుంది, గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద నిటారుగా దిగి త్వరగా ఆగుతుంది, మధ్యలో కాకుండా కాస్త పక్కన తగిలినా ఐరన్‌కి తగ్గినంతగా దూరం తగ్గదు.

ఇందులోంచి మనకి కావాల్సిన మాట ఒకటుంది: బంతిని లేపే పని క్లబ్ చేసేస్తుంది. మనం కిందనుంచి ఎత్తి సాయం చేయబోతే దాని పని చెడగొట్టినట్టే. బంతి నేల మీద పాకే వాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే, లేవడంలేదని ఎత్తుతారు, ఎత్తినకొద్దీ సోల్ అంచు బంతి నడుముకి తగిలి అది ఇంకా కిందగా పోతుంది.

షాఫ్ట్ (క్లబ్ కాడ) పొడవు కూడా గమనించండి. అదే నంబరు ఐరన్ కంటే హైబ్రిడ్ కొద్దిగా పొడుగు, కానీ దానికి దగ్గర లాఫ్ట్ ఉన్న ఫెయిర్‌వే వుడ్ కంటే (ఫెయిర్‌వే అంటే కత్తిరించిన గడ్డి దారి, దాని మీది నుంచి కొట్టేది) పొట్టి. పొట్టి కాబట్టే అదుపులో ఉంటుంది, పొట్టి కాబట్టే బంతికి వుడ్ కంటే దగ్గరగా నిలబడాలి.

ఏ హైబ్రిడ్, దేనికి బదులు

నంబరు చూసి కొనకండి, లాఫ్ట్ చూసి కొనండి. మామూలుగా 3 హైబ్రిడ్ 19 డిగ్రీల చుట్టుపక్కల, 4 హైబ్రిడ్ 22 చుట్టుపక్కల, 5 హైబ్రిడ్ 25 చుట్టుపక్కల ఉంటాయి, కానీ ఒక్కో తయారీదారుది ఒక్కో లెక్క, ఒకరి 4 ఇంకొకరి 3కి దగ్గరగా ఉండొచ్చు. దానికి తోడు ఇప్పటి ఐరన్ల లాఫ్ట్‌లు పాతవాటి కంటే బాగా తగ్గిపోయాయి. దూరం కోసం చేసిన ఈ కాలపు సెట్‌లలో 5 ఐరనే 22, 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. అలాంటి సెట్ పక్కన 22 డిగ్రీల 4 హైబ్రిడ్ పెట్టుకుంటే రెండూ దాదాపు ఒకే దూరం పోతాయి, బ్యాగ్‌లో ఒక చోటు దండగ అవుతుంది. రూల్స్ ప్రకారం బ్యాగ్‌లో పెట్టుకోగలిగేది 14 క్లబ్బులే, అందుకని ప్రతి చోటూ లెక్కే.

ఏ ఐరన్ తీసేయాలో తేల్చుకోవడానికి రేంజ్‌లో (సాధన చేసే మైదానం) ఒక చిన్న పరీక్ష చాలు. 7 ఐరన్, 6 ఐరన్, 5 ఐరన్, 4 ఐరన్, ఒక్కోదానితో పది బంతులు కొట్టండి, బంతి గాల్లో వెళ్లి మొదట నేల తాకిన చోటే లెక్కలోకి తీసుకోండి, దొర్లింది వదిలేయండి. ఒక్క అద్భుతమైన షాట్ చూసి మురిసిపోకుండా పదిలో ఎక్కువ సార్లు ఎక్కడ పడుతోందో చూడండి. 7కీ 6కీ మధ్య పది పన్నెండు యార్డుల తేడా ఉండి, 6కీ 5కీ మధ్య మూడో నాలుగో యార్డులే వస్తే, మీ 5 ఐరన్‌కి ఇక పని లేదు, హైబ్రిడ్ అక్కడి నుంచే మొదలవ్వాలి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు ఇందులో. ప్రొఫెషనల్స్‌లో కూడా హైబ్రిడ్ పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, స్వింగ్ వేగం మధ్యస్థంగా ఉన్నవాళ్లకి 5, 6 హైబ్రిడ్‌లు కూడా బాగా పనికొస్తాయి.

షాఫ్ట్ గురించి ఒక్క మాట. మీ ఐరన్లకి బరువైన స్టీల్ షాఫ్ట్‌లు ఉండి హైబ్రిడ్‌కి మాత్రం బాగా తేలికైన గ్రాఫైట్ ఉంటే చేతిలో అది బొమ్మలా అనిపిస్తుంది, తెలియకుండానే చేతులు వేగంగా తిరిగిపోతాయి. హైబ్రిడ్ షాఫ్ట్ బరువు మీ ఫెయిర్‌వే వుడ్‌కీ ఐరన్లకీ మధ్యలో ఉంటే మంచిది.

నిలబడటం

ఇక్కడ తొందరపడకండి, షాట్‌లో సగం ఇక్కడే అయిపోతుంది.

ముందు బంతి చోటు. ఎడమ మడమ లోపలి అంచు నుంచి మీ స్టాన్స్ (నిలబడిన పాదాల వెడల్పు) మధ్యకి రెండు మూడు అంగుళాలు లోపలికి, అంటే డ్రైవర్‌కి (అన్నిటికంటే పొడుగు వుడ్) పెట్టే చోటుకీ 7 ఐరన్‌కి పెట్టే చోటుకీ దాదాపు మధ్యలో. కళ్లతో అంచనా వేస్తే రోజుకో చోట పెడతాం, అందుకని నేను పాదాలతో కొలుస్తాను. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, బంతి సరిగ్గా వాటి మధ్యకి ఎదురుగా ఉండేలా నిలబడతాను. ఎడమ పాదాన్ని ఒక చిన్న అడుగు ఎడమకి, దాదాపు మూడు అంగుళాలు అంతే. తర్వాత కుడి పాదాన్ని దానికి రెండు రెట్లకి పైగా కుడికి. అంతే, పాదాలు భుజాల వెడల్పుకి కొద్దిగా తక్కువగా వస్తాయి, బంతి ఉండాల్సిన చోటే ఉంటుంది. ప్రతిసారీ ఇదే వరసలో చేస్తే టెన్షన్‌లో ఉన్న రోజున కూడా పాదాలే గుర్తుపెట్టుకుంటాయి.

తర్వాత ఫేస్. హైబ్రిడ్ తల పైభాగం గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది, చాలామంది ఆ వంపుని, లేదంటే పైన రంగు కలిసే గీతని లక్ష్యానికి ఎదురుగా పెట్టేస్తారు. చూడాల్సింది అది కాదు, నేలకి ఆనే కింది అంచు. ఆ కింది అంచు లక్ష్యపు గీతకి అడ్డంగా, సరిగ్గా లంబంగా ఉండాలి. బంతికి ఒక గజం ముందు ఎండుటాకో గడ్డిలో మచ్చో ఏదో ఒకటి చూసుకుని, ముందు ఫేస్‌ని దానికి ఎదురుగా పెట్టి, ఆ తర్వాతే పాదాలు సర్దుకోండి. పాదాలు ముందు, ఫేస్ తర్వాత పెట్టేవాళ్లే ఎక్కువ, అక్కడే గురి తప్పుతుంది.

బంతికి ఎంత దూరం అంటే, నడుము దగ్గర వంగి చేతుల్ని భుజాల నుంచి సహజంగా వేలాడనిస్తే అరచేతులు ఎక్కడుంటాయో గ్రిప్ అక్కడే ఉండాలి. గ్రిప్ చివరకీ తొడకీ మధ్య ఒక పిడికిలి పట్టి ఇంకాస్త చోటు మిగిలితే సరిపోతుంది. చేతులు ముందుకి చాచి అందుకోవాల్సి వస్తోందంటే మీరు వుడ్ దూరంలో నిలబడ్డారని అర్థం. దూరంగా నిలబడితే స్వింగ్ మీ చుట్టూ చదునుగా తిరుగుతుంది, క్లబ్ ముందే నేలకి తగులుతుంది, లేదా చేతులు ముందుగా తిరిగి బంతి ఎడమకి పోతుంది.

బరువు రెండు పాదాల మీదా సమంగా ఉండొచ్చు, నాకైతే ఎడమ పాదం మీద వెంట్రుకవాసి ఎక్కువ ఉంటే హాయిగా అనిపిస్తుంది. డ్రైవర్‌కి వంచినట్టు వీపుని కుడికి వంచకండి, ఇది చాలా ముఖ్యం. కుడి భుజం కిందకి వాలిందంటే స్వింగ్ అడుగు బంతికి వెనక్కి జరిగిపోతుంది, ఇక ఎంత బాగా కొట్టినా ముందు నేలే తగులుతుంది. చేతులు బంతికి కొద్దిగా ముందు, ఎడమ తొడ లోపలివైపుకి ఎదురుగా. షాఫ్ట్‌ని మరీ ముందుకి తోయకండి, తోస్తే లాఫ్ట్ తగ్గిపోతుంది. సోల్ మొత్తం నేల మీద చదునుగా కూర్చోవాలి, క్లబ్ మడమ వైపు (షాఫ్ట్ దగ్గరి కొస) గానీ ముక్కు వైపు (అవతలి కొస) గానీ గాల్లోకి లేవకూడదు.

గ్రిప్ గట్టిగా పిసికెయ్యకండి. దూరం ఎక్కువ కావాలన్న ఆత్రం ముందు చేతుల్లోకే వస్తుంది, ముంజేతులు బిగుసుకుంటాయి, దానితో క్లబ్ తల వెనకబడిపోతుంది.

కొట్టడం

7 ఐరన్ స్వింగ్ గుర్తుందా, అదే. వేరే స్వింగ్ ఏమీ లేదు. క్లబ్ కిందకి వస్తూ వస్తూ ముందు బంతిని తాకాలి, తర్వాత బంతికి ముందున్న గడ్డిని రాసుకుంటూ పోవాలి. వెడ్జ్‌తో (బాగా లాఫ్ట్ ఉన్న పొట్టి ఐరన్) తీసినట్టు లోతైన డివట్ (గడ్డి లేచిపోయిన గుంట) రాకూడదు, వస్తే మరీ నిటారుగా దింపుతున్నారని. గడ్డి కొసలు తెగి, నేల మీద పల్చగా దువ్విన గుర్తు ఉంటే చాలు. ఆ గుర్తు ఎక్కడ మొదలైందో వంగి చూడండి, ఇంతకంటే నిజం చెప్పే కోచ్ ఉండడు. బంతి ఉన్న చోటి నుంచి ముందుకి మొదలైతే బాగా కొట్టారు, బంతికి వెనక మొదలైతే బరువు కుడి కాలి మీదే ఉండిపోయింది, లేదా బంతి ఇంకా ఎడమకి ఉంది.

దీనికి నేను ఇప్పటికీ చేసే ఒక కసరత్తు. బంతికి లక్ష్యం వైపు, నాలుగు వేళ్ల ముందు, ఒక చెక్క టీని (బంతిని నిలబెట్టే చిన్న మేకు) తల మాత్రమే గడ్డిపైన కనపడేలా నేలలోకి దించండి. బంతి కొట్టాక సోల్ ఆ టీని కూడా తాకుతూ వెళ్లాలి. బంతి మంచిగా వెళ్లినా టీకి ఏమీ కాకపోతే, ఆ షాట్ అదృష్టం మీద వచ్చింది. పది బంతుల్లో ఏడెనిమిది సార్లు టీ కదులుతోందంటే స్వింగ్ అడుగు సరైన చోటుకి వచ్చినట్టు. మొదట సగం స్వింగ్‌తోనే చేయండి, చేతులు నడుము ఎత్తు నుంచి నడుము ఎత్తుకి. పూర్తి స్వింగ్‌తో మొదలుపెడితే ఒంటికి పాత అలవాటే గుర్తొస్తుంది.

ఇంకోటి, 7 ఐరన్‌తో ఒక బంతి, వెంటనే హైబ్రిడ్‌తో ఒక బంతి, మళ్లీ 7 ఐరన్, ఇలా మార్చి మార్చి కొట్టండి. రెండిటి లయా ఒకేలా ఉండాలి. హైబ్రిడ్ చేతిలోకి రాగానే స్వింగ్ వేగం పెరుగుతోందంటే ఆ దూరం మీద మనసు పడిందన్నమాట. దూరం లాఫ్ట్ నుంచీ షాఫ్ట్ పొడవు నుంచీ వస్తుంది, మనం అదనంగా పెట్టే బలం నుంచి వచ్చేది చాలా తక్కువ. చివర్లో ఛాతీ లక్ష్యం వైపు తిరిగి, బరువంతా ఎడమ కాలి మీదకి వచ్చి, కుడి పాదం వేళ్ల కొసల మీద నిలవాలి. అలా మూడు సెకన్లు నిలబడగలిగితే చాలు, తూలితే బలం ఎక్కువ పెట్టినట్టే.

టీ మీద నుంచి కొట్టేటప్పుడు టీని బాగా లోపలికి దించండి, అర అంగుళం కంటే ఎక్కువ బయట ఉండక్కర్లేదు. ఫెయిర్‌వేలో చక్కటి గడ్డి మీద బంతి కూర్చున్నట్టు కనపడాలి, అంతే. ఎత్తు టీ పెడితే బంతి ఫేస్ పైభాగంలో తగిలి ఆకాశానికి పోతుంది, దూరం పోదు. స్వింగ్ మార్చకండి, బంతి చోటు కావాలంటే ఒక వేలు వెడల్పు ఎడమకి జరపొచ్చు. ఇరుకు ఫెయిర్‌వే ఉన్న హోల్‌లో డ్రైవర్ బదులు ఇది తీసుకోవడం తెలివైన పని.

ప్రతిసారీ ఎడమకి పోతుంటే

హైబ్రిడ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇది నిజంగా ఆలోచించాల్సింది, ఎందుకంటే ఇందులో తప్పు కొంత మీది, కొంత క్లబ్‌ది. చాలా హైబ్రిడ్‌లని కుడికి స్లైస్ చేసేవాళ్ల కోసం డిజైన్ చేస్తారు. బరువు మడమ వైపు పెడతారు, ఫేస్‌ని షాఫ్ట్ కంటే కాస్త వెనక్కి పెడతారు, లై కోణం (సోల్ నేలకి ఆనినప్పుడు షాఫ్ట్ నేలతో చేసే కోణం) నిటారుగా ఉంచుతారు. ఇవన్నీ కలిసి బంతిని ఎడమకి తీసుకెళ్లేవే. స్లైస్ లేనివాళ్ల చేతిలో అదే క్లబ్ బంతిని హుక్ చేస్తుంది, అంటే ఎడమకి వంచేస్తుంది.

ముందు ఉచితంగా సరిచేసుకోగలిగినవి చూడండి. ఫేస్ కింది అంచు నిజంగా సూటిగా ఉందా, బంతి మరీ ఎడమకి ఉందా, మరీ దూరంగా నిలబడ్డారా, ఎడమ చేతి గ్రిప్‌లో పైనుంచి చూస్తే మూడు నాలుగు కణుపులు కనపడుతున్నాయా. రెండు కనపడితే చాలు, ఎక్కువ కనపడుతున్నాయంటే చేతులు ఫేస్‌ని మూసేస్తాయి. వీటిలో ఒక్కోసారి ఒక్కటే మార్చండి, నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

అయినా పోకపోతే లై కోణం చూడాలి. దానికి ఒక మార్కర్ పెన్ను చాలు. బంతి మీద నిలువుగా ఒక లావు గీత గీసి, ఆ గీత నిటారుగా, క్లబ్ ఫేస్‌కి ఎదురుగా ఉండేలా బంతిని పెట్టి కొట్టండి. సిరా ఫేస్ మీద అంటుకుంటుంది. ఫేస్ మీద పడిన గీత కూడా నిటారుగా ఉంటే లై మీకు సరిపోయింది. గీత పైకొస క్లబ్ ముక్కు వైపు వాలి ఉంటే లై మీకు ఎక్కువ నిటారు, తగిలేటప్పుడు క్లబ్ ముక్కు పైకి లేస్తోంది, బంతి ఎడమకి పోవడానికి అదే కారణం. ఒక్క బంతితో తేల్చేయకండి, తుడిచి అయిదారు సార్లు చూడండి. ఐరన్లలా హైబ్రిడ్ మెడని వంచి సరిచేయడం అన్నిటికీ కుదరదు, కానీ మెడ దగ్గర తిప్పి అమర్చుకునే ఏర్పాటు ఉన్నవి దొరుకుతాయి, కొత్తది కొనాలనుకునేవాళ్లు ఎడమకి పోయే బాధ ఉంటే అలాంటివే చూసుకోవడం మేలు. అంతవరకు గ్రిప్ మీద అర అంగుళం కిందకి పట్టుకోండి, కొంత తేడా కనపడుతుంది.

రఫ్‌లో, ఇసుకలో, చెట్ల కింద

కొంతమంది ఈ క్లబ్‌ని రెస్క్యూ అని కూడా అంటారు, క్లబ్బులు చేసే కంపెనీ టేలర్‌మేడ్ తన హైబ్రిడ్‌లకి పెట్టిన పేరు అది. పేరు సరిగ్గా కుదిరింది, ఎందుకంటే దీని అసలు విలువ రఫ్‌లోనే (ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డి) తెలుస్తుంది. పొడుగు ఐరన్‌తో రఫ్‌లో కొడితే గడ్డి పోచలు క్లబ్ మెడకి చుట్టుకుని తలని లాగేస్తాయి, ఫేస్ మూసుకుని బంతి కిందగా ఎడమకి పోతుంది. హైబ్రిడ్ గుండ్రటి తల గడ్డిని రెండు వైపులకీ తోసుకుంటూ జారిపోతుంది. అయినా లాగడం పూర్తిగా పోదు, అందుకని ఫేస్‌ని ఒక్క పిసరు తెరిచి పెట్టండి, బంతిని మామూలు చోటుకంటే ఒక బంతి వెడల్పు కుడికి జరపండి, గ్రిప్ కొద్దిగా కిందకి, కొంచెం గట్టిగా పట్టుకుని, మామూలు కంటే కాస్త నిటారుగా దించండి. ఫేస్‌కీ బంతికీ మధ్య గడ్డి ఇరుక్కుంటుంది కాబట్టి స్పిన్ తగ్గి బంతి ఎక్కువ దొర్లుతుంది, గ్రీన్‌కి ముందే దింపేలా లెక్క వేసుకోండి.

కానీ బంతి పైభాగం కూడా సరిగ్గా కనపడనంత లోతుగా గడ్డిలో కూరుకుపోయి ఉంటే హైబ్రిడ్‌ని బ్యాగ్‌లోంచి తీయకండి. వెడ్జ్‌తో ఫెయిర్‌వేలోకి తీసుకురండి. "రెస్క్యూ" అన్న పేరు నమ్మి అక్కడ పోగొట్టుకున్న స్ట్రోక్‌లు నాకు చాలా ఉన్నాయి.

ఫెయిర్‌వే బంకర్‌లో ఇసుక గట్టిగా ఉండి, బంతి పైకి కూర్చుని, ఎదురుగా గట్టు తక్కువ ఉంటే వాడొచ్చు. గట్టు ఎత్తుగా ఉంటే వద్దు. పాదాలు ఇసుకలోకి ఎంత దిగాయో గ్రిప్ మీద అంత కిందకి పట్టుకోండి, బంతి కాస్త కుడికి, కాళ్లు కదపకుండా, ముప్పావు స్వింగ్. ఇక్కడ బంతినే ముందు తాకాలి, ఒక్క వేలు వెనక ఇసుక తగిలినా షాట్ అయిపోయినట్టే. బంతి పాత డివట్‌లో పడినా, గడ్డి లేని గట్టి నేల మీద ఉన్నా ఇదే పద్ధతి.

బంతి పాదాల కంటే ఎత్తులో ఉండే వాలు మీద అది ఎడమకే పోతుంది, నిటారు లై ఉన్న హైబ్రిడ్‌తో ఇంకా ఎక్కువ పోతుంది, కుడికి గురిపెట్టండి. చెట్ల కొమ్మల కిందనుంచి బయటపడాలంటే బంతిని స్టాన్స్ మధ్యకి కుడిగా, చేతులు ముందుకి, గ్రిప్ బాగా కిందకి పట్టుకుని నడుము ఎత్తు స్వింగ్‌తో తోయండి, కిందగా వెళ్లి చాలా దూరం దొర్లుతుంది. ఎదురుగాలిలో మాత్రం జాగ్రత్త, ఈ క్లబ్ బంతిని ఎత్తుతుంది, గాలి అక్కడే పట్టుకుంటుంది. లాఫ్ట్ తక్కువున్న హైబ్రిడ్ తీసుకుని మెత్తగా కొట్టడమే దారి.

దూరం నుంచి గ్రీన్ మీద ఆపే శక్తి దీనికి ఎంత ఉందో చూడాలంటే 2009 పీజీఏ ఛాంపియన్‌షిప్ చివరి హోల్ వీడియో వెతికి చూడండి. అమెరికాలోని హేజల్‌టైన్‌లో టైగర్ వుడ్స్‌తో కలిసి ఆడుతూ ఒక్క స్ట్రోక్ ముందున్న దక్షిణ కొరియా ఆటగాడు వై.ఈ. యాంగ్, రెండు వందల యార్డులకి పైగా దూరం నుంచి హైబ్రిడ్‌తో కొట్టి బంతిని జెండాకి బాగా దగ్గరగా ఆపాడు, బర్డీ (ఆ హోల్‌కి పెట్టిన లెక్క కంటే ఒక స్ట్రోక్ తక్కువ) చేశాడు, ఆసియాలో పుట్టి పురుషుల మేజర్ (నాలుగు పెద్ద టోర్నమెంట్లలో ఒకటి) గెలిచిన మొదటి ఆటగాడయ్యాడు. మూడు రౌండ్ల తర్వాత ఆధిక్యంలో ఉండి వుడ్స్ మేజర్ పోగొట్టుకోవడం అదే మొదటిసారి.

గ్రీన్ పక్కన

ఇది చాలామంది వాడుకోని పని. బంతి గ్రీన్ అంచుకి ఆనుకునో, రెండు మూడు గజాల బయట పొట్టి గడ్డిలోనో ఉంది, పటర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) కొడితే గడ్డిలో చిక్కుకుంటుంది, వెడ్జ్‌తో కొడితే అటో ఇటో అవుతుందని భయం. హైబ్రిడ్ తీసుకోండి. 2004లో స్కాట్లండ్‌లోని రాయల్ ట్రూన్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలిచిన టాడ్ హామిల్టన్ ఆ వారమంతా గ్రీన్ల చుట్టూ ఇదే చేశాడు. ఎర్నీ ఎల్స్‌తో నాలుగు హోల్స్ ప్లేఆఫ్‌లో చివరి హోల్ దగ్గర కూడా గ్రీన్ బయట నుంచి హైబ్రిడ్‌తోనే దొర్లించి బంతిని హోల్ పక్కనే ఆపాడు.

పద్ధతి ఇలా. గ్రిప్ బాగా కిందకి, దాదాపు షాఫ్ట్ మొదలయ్యే చోట పట్టుకోండి. పటర్ పట్టుకున్నట్టే పట్టుకోండి. బంతికి బాగా దగ్గరగా నిలబడితే క్లబ్ మడమ కొద్దిగా పైకి లేస్తుంది, లేవనివ్వండి, గడ్డికి తక్కువ తగులుతుంది. బంతి పాదాల మధ్యలో, పాదాలు దగ్గరగా. మణికట్టు కదపకుండా భుజాలతో ఊపండి, పటింగ్ లాగే. లాఫ్ట్ వల్ల బంతి ఒక అడుగు దాకా గాల్లో ఎగిరి ముందున్న గడ్డిని దాటేస్తుంది, ఆ తర్వాత పట్‌లాగే దొర్లుతుంది.

ఫేస్ నుంచి బంతి పటర్ కంటే వేగంగా బయల్దేరుతుంది, అందుకని మొదట్లో అందరూ హోల్ దాటించేస్తారు. ప్రాక్టీస్ గ్రీన్ దగ్గర అంచు నుంచి రెండు అడుగుల బయట అయిదు బంతులు పెట్టి, హోల్ వైపు చూడకుండా, ముందు పది అడుగుల దగ్గర ఆపండి, తర్వాత ఇరవై, తర్వాత ముప్పై. క్లబ్ వెనక్కి ఎంత వెళ్తే ఎంత దొర్లుతుందో చేతికి అలవాటు కావడానికి ఒక గంట పడుతుంది. వాలు చూసుకోవడం పట్‌కి చూసుకున్నట్టే, కాకపోతే మొదటి అడుగులో బంతి గాల్లో ఉంటుంది కాబట్టి ఆ ముక్కలో వాలు లెక్కలోకి రాదు.